సుద్దముక్కల చిత్రకారుడు

చిత్రములను చూడగోరువారు చిత్రశాలలకు పోవుదురు. అచ్చటికి పోవుటకు తీరికయు స్తోమతయు లేనివారి మాట యేమి? చిత్రమే వారియొద్దకు పోవలెనని తలంచి, అట్లే చేసి చూపినవాడు కీత్ హేరింగు.

అతడు 1958వ సంవత్సరము మే 4వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రెడింగు పట్టణమందు జన్మించెను. సమీపముననున్న కుట్జ్‌టౌను అను చిన్న ఊరిలో పెరిగెను. తండ్రికి హాస్యచిత్రములు గీయుట వేడుక. కుమారునకు గీతలు దిద్ద నేర్పినది ఆయనయే. చదువు ముగిసిన పిదప హేరింగు పిట్స్‌బర్గు నగరమున వ్యాపార చిత్రకళ నేర్చుకొనుటకు చేరెను గాని, అది తన మనస్సునకు సరిపడకపోవుటచే విడిచిపెట్టెను. 1978లో న్యూయార్కు చేరి అచ్చటి కళాశాలలో విద్యార్థి యయ్యెను.

న్యూయార్కు నగరమున భూమిక్రింద సొరంగములలో రైళ్లు నడచును. ఆ స్టేషన్ల గోడలపై వ్యాపార ప్రకటనలు అంటించు చట్రములుండును. గడువు తీరిన ప్రకటనలను నల్లని కాగితముతో కప్పెడివారు. 1980లో అట్టి నల్లకాగితమొకటి హేరింగు కంటబడెను. అతడు వెంటనే మెట్లెక్కి వీథిలోనికి పోయి, తెల్లని సుద్దముక్కలు కొనితెచ్చి, దానిపై బొమ్మ గీచెను. అది మొదలు 1985 వరకు అతడు వందలకొలది బొమ్మలు గీచెను. ప్రాకులాడు పసిపాప, మొరుగు కుక్క, నాట్యమాడు మనుష్యులు అతని గీతలలో ప్రాణము పోసికొనిరి. ఆ మనుష్యులకు కన్నులు లేవు, ముక్కులు లేవు. వారు ఏ జాతివారో, ఏ దేశమువారో చెప్ప శక్యము కాదు. కావున చూచిన ప్రతివాడును వారిని తనవారిగనే భావింపగలిగెను.

ఈ బొమ్మలకు వెల లేదు. నిలుచునను నమ్మకమును లేదు. క్రొత్త ప్రకటన వచ్చిననాడు అవి దాని క్రింద మరుగుపడెడివి. అనుమతి లేక గీయుట నేరమగుటచే పోలీసులు అతనిని పలుమార్లు పట్టుకొనిరి.

1986లో అతని సహాయకుడొకడు క్రాక్ అను మాదకద్రవ్యమునకు బానిసయ్యెను. ఆ దుస్థితిని చూచి కలతచెందిన హేరింగు, హార్లెములోని ఒక ఆటస్థలపు గోడపై క్రాక్ పనికిమాలినదని పెద్ద అక్షరములతో చాటుచు బొమ్మలు వేసెను. అనుమతి పొందలేదని అధికారులు అతనిపై నేరము మోపిరి. ఆ బొమ్మ చెరిగిపోయిన పిదప నగరపాలకులే అతనిని పిలిచి మరల వేయించుకొనిరి. ఆ గోడ నేటికిని నిలిచియున్నది.

ఆ యేడే అతడు తన బొమ్మలు అచ్చొత్తిన చొక్కాలను, బిళ్లలను స్వల్పవెలకు అమ్ము దుకాణము తెరచెను. కళను అంగడిసరకు చేసెనని కొందరు నిందించిరి. ధనమే కావలసినచో కొలదిచిత్రములు వేసి ఎక్కువ వెలకు అమ్ముట సులభమని అతని సమాధానము. ఆ దుకాణము 2005లో మూతపడెను.

1988లో తనకు ఎయిడ్స్ వ్యాధి సోకినట్లు అతనికి తెలిసెను. ఆనాడు దానిని అదుపుచేయగల మందు లేదు. అతడు కుంచె విడువలేదు. 1989లో వ్యాధిగ్రస్తులకును బాలలకును తోడ్పడుటకై ఒక ధర్మసంస్థను నెలకొల్పెను. ఆ సంవత్సరముననే ఇటలీలోని పీసా నగరమున ఒక చర్చి వెలుపలి గోడపై 180 చదరపు మీటర్ల చిత్రము వేసెను. దాని పేరు ‘టుట్టోమోండో’, సర్వలోకమని అర్థము. అందు ముప్పదిమూర్తులు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండును.

1990 ఫిబ్రవరి 16న, ముప్పదియొకటవ యేట, హేరింగు మరణించెను. మరునాటికి నిలుచునో లేదో యెరుగక సుద్దతో గీచిన ఆ చేయి, తన దినములు కొలదియని యెరిగియు, చిరకాలము నిలుచు గోడపై వేసినది కలిసిమెలిసి ఆడుచున్న మనుష్యులనే.