నీరు కారే గోడ

విశాఖపట్నంలోనో విజయవాడలోనో కొండవాలున ఇల్లు కట్టుకోదలచిన గృహస్థు మొదట చేసే పని, వాలును కొంత తొలిచి నేలను చదును చేయడం. అప్పుడు ఇంటి వెనుక మట్టి నిటారుగా నిలిచిపోతుంది. అలా నిలవడం మట్టికి సహజం కాదు. కళ్లంలోని ధాన్యపు రాశిని గమనించండి. ఎంత పోసినా అది ఒక వాలుకు వచ్చి ఆగుతుందే కాని గోడలా నిలువదు. వాలు కోసివేసిన చోట మట్టి మళ్లీ తన వాలును వెతుక్కుంటూ కిందికి జారాలని చూస్తుంది. దానిని ఆపడానికి కట్టేదే నిలుపుగోడ. మేస్త్రీలు దీనిని రిటైనింగ్ వాల్ అనే అంటారు.

ప్రహరీగోడ తన బరువును తాను మోసుకొంటే చాలు. నిలుపుగోడ అలా కాదు, కట్టిన నాటి నుండి ఒకవైపు నుండే నిరంతరం నెట్టబడుతూ ఉంటుంది. ఆ నెట్టుడును లెక్కగట్టే శాస్త్రీయ పద్ధతిని చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్. విద్యుదావేశాలను గురించి భౌతికశాస్త్రంలో మీరు చదివే సూత్రం ఈయనదే. ఆ సూత్రానికి ముందే, 1773లో, మట్టి ఒత్తిడిని గురించిన తన పరిశోధనను పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు సమర్పించాడు. గోడ ఎత్తు రెట్టింపయితే మట్టి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి మూడు మీటర్ల గోడ ఒక్కటి కట్టడానికి బదులు ఒకటిన్నర మీటర్ల గోడలు రెండు, నడుమ తగినంత చదును విడిచి, మెట్లుగా కట్టడం మేలు. ఆ ఎడం కింది గోడ ఎత్తుకు రెట్టింపు ఉండాలి. లేకుంటే పై గోడ బరువు కింది గోడమీదనే పడుతుంది.

అయితే గోడకు అసలు శత్రువు మట్టి కాదు, మట్టిలో నిలిచిన నీరు. మూడు మీటర్ల గోడ వెనుక పొడి గ్రావెల్ ఉన్నదనుకొందాం. మీటరు పొడవు గోడపై అది వేసే భారం సుమారు రెండున్నర టన్నులకు కొంచెం ఎక్కువ. అదే మట్టి వానకు పూర్తిగా నాని, నీరు బయటికి పోయే దారి లేకపోతే, ఆ భారం దాదాపు ఆరు టన్నులకు చేరుతుంది. ఎండాకాలమంతా చెక్కుచెదరని గోడ ఒక్క రాత్రి తుఫానుకు పడిపోవడంలోని రహస్యమిదే. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో విజయవాడ మొగల్రాజపురం వద్ద కొండచరియలు ఇళ్లపై విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. అది గోడ కూలిన ఘటన కాదు, పైనుండి బండరాళ్లు జారిన ఘటన. అంతటి బండలను ఇంటి వెనుక గోడ ఆపలేదు కూడా. కాని వాలుమీది నేలను వాన ఎంతగా వదులు చేయగలదో దానివల్ల తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రాచీన శాసనం జ్ఞప్తికి వస్తున్నది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి తటాక శాసనం ఉంది. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అది పేర్కొన్నది. ఆ దోషాలలో ఒకటి కట్ట నుండి నీరు ఊరడం. చెరువు కట్ట నీటిని ఆపడానికి పుట్టింది కాబట్టి ఊరడం దానికి దోషమే. నిలుపుగోడ ఆపవలసింది మట్టిని మాత్రమే. నీరు ఊరకపోవడమే దానికి దోషం. ఈ భేదం తెలియక, కట్టకు పనికివచ్చే బుద్ధిని గోడకు వాడడం వల్లనే చాలా చేటు కలుగుతున్నది.

నీటికి దారి చూపడం కష్టమైన పని కాదు. గోడ కట్టేటప్పుడే మీటరు, మీటరున్నర ఎడంగా మూడు నాలుగు అంగుళాల గొట్టాలను బయటి వైపు కొద్దిగా వాలేటట్లు అమర్చాలి. వాటి వెనుక, గోడ పొడవునా, అడుగు మందాన కంకర నింపాలి. మట్టి ఆ కంకరలోకి చొరబడకుండా వడపోత గుడ్డ పరచాలి. వెనుక నింపేది గ్రావెలో ఇసుకో కావాలి. నల్లరేగడి పనికిరాదు, అది తడిస్తే ఉబ్బి గోడను ఇంకా నెడుతుంది. నింపిన మట్టిని జానెడు మందాన పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి. పైన పడిన వాన లోపలికి ఇంకకముందే పక్కకు పోవడానికి గోడ తలమీద ఒక కాలువ ఉండాలి.

రాతి గోడ అయితే అడుగున దాని వెడల్పు ఎత్తులో సగానికి తగ్గరాదు. పునాది పోసిన మట్టిమీద కాక గట్టి నేలమీద కూర్చోవాలి. కాంక్రీటు గోడలో ప్రధానమైన ఇనుము మట్టి వైపున ఉండాలి, సాగుడు పుట్టేది అక్కడే గనుక. దానిని బయటి ముఖం వైపు కట్టే పొరపాటు పైకి కనిపించదు, కాంక్రీటు దానిని దాచివేస్తుంది. నిలువెత్తు దాటిన గోడకు, లేదా పైన ఇల్లు మోయవలసిన గోడకు, ఇంజనీరు గీసిన నక్షా తప్పనిసరి. ఖర్చుకు వెనుకాడి మేస్త్రీ అనుభవం చాలుననుకోవడం మనవారికి అలవాటు. ఆ అనుభవం విలువైనదే, కాని కనిపించని నీటి బరువును కంటి అంచనాతో పట్టుకోవడం ఎంతటి నిపుణునికైనా కష్టం.

ఇంత చేసిన తరువాత కూడా ఒక ప్రమాదం మిగులుతుంది, అది ఇంటి యజమానే. గొట్టాల నుండి కారిన నీరు సున్నం వేసిన గోడమీద చారలు కడుతుంది, పాచి పడుతుంది. పండుగకు రంగులు వేయించేటప్పుడు అందం కోసం ఆ రంధ్రాలను సిమెంటుతో పూడ్చివేస్తారు. అలా పూడ్చిన గోడకు వచ్చే వానాకాలంలోనే ఆ రెండింతల భారం మీద పడుతుంది.

గోడ నడుమ ఉబ్బడం, అడ్డంగా పగుళ్లు తీయడం, తల బయటికి ఒరగడం ప్రమాద సూచనలు. అవి కనిపిస్తే గోడ కింది గదిలో ఎవరూ పడుకోరాదు, ఇంజనీరును వెంటనే పిలవాలి. ఏటా తొలకరికి ముందే ప్రతి గొట్టంలోను కడ్డీ పెట్టి చెత్తను తీయాలి. జోరు వాన తరువాత వాటిని మళ్లీ చూడాలి. తేటనీరు వస్తుంటే గోడ తన పని చేస్తున్నట్లే. ఏమీ రాకపోతే దారి మూసుకొన్నదేమోనని అనుమానించాలి. బురదనీరు వస్తే వడపోత చెడి వెనుక మట్టి కొట్టుకొనిపోతున్నదని గ్రహించి, వానలు తగ్గగానే ఇంజనీరు సలహాతో అక్కడ కొద్దికొద్దిగా తవ్వించి కంకరను, గుడ్డను కొత్తగా వేయించాలి.