అప్‌గ్రేడ్ మధ్యలో సర్వర్ ప్రశ్న అడిగి ఆగిపోతే: చేయవలసినవి, చేయకూడనివి

మత్తూరు, పోచంపల్లి, హోసూరు వైపు కాలేజీ ల్యాబుల్లోనో చిన్న ఫ్యాక్టరీల ఆఫీసుల్లోనో ఉబుంటు, డెబియన్ సర్వర్లను చూసుకునే మనవాళ్ల కోసం ఈ సూచనలు. డెబియన్ కుటుంబం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకం యంత్రాల్లో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వచ్చింది. సీ-డాక్ తయారుచేసిన ఆ బాస్‌కు పునాది డెబియనే.

రాత్రి స్క్రిప్టుకు అప్పగించిన అప్‌గ్రేడ్ పొద్దునకు ఒక ప్రశ్న దగ్గర నిలిచి ఉంటుంది. క్రాన్ నుంచి నడిచినదైతే జవాబు దొరక్క ఎర్రర్ ఇచ్చి, ప్యాకేజీని సగం కాన్ఫిగర్ చేసి వదిలేస్తుంది. చాలామంది ప్రశ్న రాకుండా నోరు మూయించడమే పరిష్కారం అనుకుంటారు. జవాబు ఏమిటో ముందే తేల్చుకోకుండా ప్రశ్నను ఆపేస్తే మాత్రం మరింత ప్రమాదం.

చేయవలసినవి

ముందు అడుగుతున్నది ఎవరో కనుక్కోండి. ఇంకో టెర్మినల్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ల చెట్టు చూడండి. నీడ్‌రీస్టార్ట్ లేకుండా విప్‌టెయిల్ కనిపిస్తే అడిగేది డెబ్‌కాన్ఫ్. నీడ్‌రీస్టార్ట్ కనిపిస్తే సర్వీసులను మళ్లీ మొదలుపెట్టాలా అని అడుగుతోంది. పేజర్ తెరిచి ఉంటే ఆప్ట్-లిస్ట్‌ఛేంజెస్ మార్పుల జాబితా చూపిస్తూ ఆగింది. ఇవేవీ లేకుండా డీపీకేజీ ఒక్కటే కాచుకుని ఉంటే, మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైలు గురించే ప్రశ్న. ఒక్కొక్కదానికి మందు వేరు.

డెబ్‌కాన్ఫ్‌కు డెబియన్-ఫ్రంటెండ్ వేరియబుల్‌ను నాన్‌ఇంటరాక్టివ్‌గా పెట్టాలి. దాన్ని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి తర్వాత సుడో వాడితే, సుడో సాధారణంగా దాన్ని లోపలికి పోనివ్వదు. అందుకే సుడో మాట తర్వాత, అదే వరుసలో రాయండి.

డీపీకేజీకి ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ రెండూ కలిపి ఇవ్వండి. మీ పాత ఫైలు అలాగే ఉంటుంది, కొత్తది పక్కన డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో వచ్చి చేరుతుంది. యాన్సిబుల్‌లోని ఆప్ట్ మాడ్యూల్ కూడా ఈ రెండింటినే ముందుగా పెట్టుకుని ఉంటుంది. నా ఓటూ దీనికే. అయితే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్ ఫైలును చూసేది డీపీకేజీ కాదు, యూసీఎఫ్ అనే వేరే పనిముట్టు. పై ఆప్షన్లు దానికి వర్తించవు. దానికి యూసీఎఫ్-ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ వేరియబుల్ విడిగా పెట్టాలి. మత్తూరులో కూర్చుని హోసూరు సర్వర్‌ను నడిపేవాళ్లకు ఆ ఒక్క ఫైలే దారి, అది చెడితే బండెక్కి వెళ్లాల్సిందే.

ఉబుంటు 22.04 నుంచి చాలామందిని విసిగించిన ఊదారంగు తెర నీడ్‌రీస్టార్ట్‌ది. ఆప్ట్ కమాండ్ ముందు నీడ్‌రీస్టార్ట్-మోడ్‌ను 'ఎ' అని పెడితే అడగకుండా తానే రీస్టార్ట్ చేస్తుంది, 'ఎల్' అని పెడితే జాబితా మాత్రం చూపిస్తుంది. డేటాబేస్ ఉన్న యంత్రంలో 'ఎల్' పెట్టుకుని, షిఫ్టు ముగిశాక చేత్తో రీస్టార్ట్ చేయడమే క్షేమం. రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తే మాత్రం పాత లైబ్రరీయే నడుస్తూ ఉంటుంది, సెక్యూరిటీ ప్యాచ్ వేసిన ఫలితం ఉండదు.

అప్‌గ్రేడ్‌ను టీమక్స్‌లో నడపండి. సర్వర్‌తో కనెక్షన్ తెగినా పని ఆగదు. కరెంటు పోతే మాత్రం ఆగుతుంది కాబట్టి యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకోండి.

చేయకూడనివి

'యెస్' కమాండ్‌ను పైపుతో ఆప్ట్-గెట్‌కు కలపకండి. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కాన్ఫిగ్ ఫైలు గురించి డీపీకేజీ అడిగే ప్రశ్నలో 'వై' అంటే "సరే, కొనసాగించు" అని కాదు, "నా ఫైలు తీసేసి ప్యాకేజీతో వచ్చినది పెట్టు" అని. ముందుగా ఉండే జవాబు 'ఎన్', అంటే నాది ఉంచు. గుడ్డిగా 'వై' కొట్టే పైపు డీపీకేజీ అడిగిన ప్రతి ఫైలునూ తిరగరాస్తుంది. డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతో పాతది మిగిలే ఉంటుంది, అంతవరకు ఊరట. ఈలోగా సర్వీసు మాత్రం కొత్త ఫైలుతో లేచి ఉంటుంది.

ఆప్ట్-గెట్‌కు మైనస్ వై ఇచ్చాం, ఇక ఏదీ అడగదు అనుకోకండి. అది ఆప్ట్ సొంత ప్రశ్నకే జవాబు. డెబ్‌కాన్ఫ్‌కూ డీపీకేజీకీ దానితో పని లేదు.

నాన్‌ఇంటరాక్టివ్‌ను సర్వర్ అంతటికీ శాశ్వతంగా పెట్టకండి. రేపు ఎవరైనా చేత్తో ప్యాకేజీ వేసినప్పుడు అడగవలసినదీ అడగదు. ముఖ్యంగా గ్రబ్. బూట్‌లోడర్ ఏ డిస్కులో వేయాలన్న ప్రశ్న డిస్కు మార్చిన యంత్రంలో నిజంగా అవసరమైనది. దానికి జవాబును డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్‌తో ముందే రాసిపెట్టండి.

ఆగిన ప్రాసెస్‌ను కిల్ చేసి లాక్ ఫైలు చెరిపేయకండి. లాక్ ఉందంటే ఇంకొకటి పని చేస్తోందని అర్థం. అది అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ కావచ్చు. ముగిసేదాకా ఆగండి. నిజంగానే మధ్యలో తెగిందని తేలితే డీపీకేజీని కాన్ఫిగర్, మైనస్ ఎ ఆప్షన్లతో నడిపి మిగిలిన పని పూర్తి చేయించండి.

ఊదా తెర విసుగొచ్చిందని నీడ్‌రీస్టార్ట్‌ను పాత వెర్షన్‌లోనే ఆపేయకండి. 2024 నవంబరులో క్వాలిస్ పరిశోధకులు దానిలో మామూలు యూజరును రూట్‌గా మార్చగల లోపాలు బయటపెట్టారు. దిద్దిన వెర్షన్ అప్‌డేట్‌గా వచ్చింది.

ఈ వారంలో ఒకసారి మీ సర్వర్‌లో ఈటీసీ ఫోల్డరు కింద డీపీకేజీ-డిస్ట్, యూసీఎఫ్-డిస్ట్ తోకలతో ఉన్న ఫైళ్లను వెతకండి. దొరికిన ప్రతిదాన్నీ మీ ఫైలుతో డిఫ్ పెట్టి చూసి, కొత్తదానిలో తీసుకోవలసినవి తీసుకున్నాకే తర్వాతి రాత్రి అప్‌గ్రేడ్‌ను నడవనివ్వండి.