రాహువు రాయికి అప్పు చేయాలా, చెల్లీ?

"రాహు మహర్దశ మొదలైందట, గోమేధికం పెట్టుకోమన్నారక్కా!" ఈ మాట చెప్పేటప్పుడు మన గొంతులో ఎంత గుబులో కదా! దశ 18 ఏళ్ళనగానే సగం నీరసం వస్తుంది. మిగతా సగం రాయి ధర వినగానే వస్తుంది. ముందు ఆ టీ చల్లారకుండా తాగండి, తర్వాత నెమ్మదిగా మాట్లాడుకుందాం.

గోమేధికం గార్నెట్ల కుటుంబంలోది. దాని అక్కచెల్లెళ్ళ మధ్యే మన విశాఖవాళ్ళం కాపురాలు చేస్తున్నాం, తెలుసా? సింహాచలం, కైలాసగిరి కొండల్లో ఉండేది ఖోండలైట్ రాయి. దగ్గరగా చూస్తే అందులో ఎర్రెర్రని గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లే. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట, ఒకప్పటి బంకమట్టి నేల లోపల చాలా లోతుకు దిగబడి, 900 డిగ్రీల దాకా వేడెక్కి, ఆ ఒత్తిడికి ఇలా మారింది. కొండ అరిగినా గార్నెట్ గింజ అంత తేలిగ్గా అరగదు. వానలకు కొట్టుకొచ్చి సముద్రంలో చేరుతుంది. అల వెనక్కి వెళ్ళాక బీచ్ ఇసుకలో ముదురెరుపు చారలు చూస్తుంటాం కదా, వాటిలో ఉండేది ఇదే. ఓడల తుప్పు వదిలించడానికి కూడా గార్నెట్ ఇసుకనే చిమ్ముతారు. మన కొండల్లో దొరికేదానిలో ఇనుము ఎక్కువ, అందుకే ఆ ఎరుపు. గోమేధికంలో కాల్షియం ఎక్కువ, దానిది తేనె రంగు.

మరి రాహువు సంగతి? దేవతల వరసలో దొంగతనంగా కూర్చుని అమృతం తాగాడు, సూర్యచంద్రులు పట్టిచ్చారు, విష్ణుమూర్తి చక్రంతో తల తెగింది. ఆ కోపంతోనే గ్రహణాలు పట్టిస్తాడని అమ్మమ్మలు చెప్పేవారు. ఆ భయం మన ఇళ్ళలో తరాలుగా ఉంది. దాన్ని నేను తేలిక చేయను. వేలికి రాయి ఉంటే మనసు కుదుటపడుతుందంటే పెట్టుకోండి తల్లీ. పిల్లల ఫీజుకని వేసిన చీటీ పాడేసి మాత్రం వద్దు. ఇంట్లో పూజ చేసుకుని ఆగినా ఎవరూ తప్పుపట్టరు.

కొనేటప్పుడు భూతద్దం అడగండి, మొహమాటం ఎందుకు? అసలు గోమేధికం లోపల పాకం తిప్పినట్టు సుడులు కనిపిస్తాయి. గాజయితే గుండ్రటి బుడగలుంటాయి. ల్యాబ్ సర్టిఫికెట్ లేనిదే డబ్బు కట్టకండి. బిల్లు మీద గోమేధికం ఇంగ్లీషు పేరు "హెస్సొనైట్ గార్నెట్" అని, బరువు క్యారెట్లలో రాయించుకోండి. ఇంటికొచ్చాక గోరువెచ్చటి సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలు. మరిగే నీళ్ళలో మాత్రం వేయకండి, పగుళ్ళు రావచ్చు.