తరగతి తప్పిన పిల్లలు

తెలుగువారి వ్యవహారంలో 'పరీక్ష తప్పాడు' అన్న పలుకుబడి ఒకటుంది. 'తప్పు' అన్న మాటకు దోషమన్న అర్థం ఉంది. దారి తప్పడం, గురి తప్పడం వంటి ప్రయోగాలలో చేజారిపోవడమన్న అర్థమూ ఉంది. పరీక్ష తప్పిన పిల్లవాని విషయంలో లోకం సాధారణంగా మొదటి అర్థాన్నే గ్రహిస్తుంది. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులకూ బోధించే బడి, పనుల కోసం వలస వెళ్ళే కుటుంబం, ఇంట్లో గోండీయో కోయయో మాట్లాడుతూ బడిలో తెలుగు వాచకం చేతపట్టవలసిన స్థితి – ఇవేవీ మార్కుల పట్టికలో కనిపించవు. కనిపించేది పిల్లవాని పేరొక్కటే.

అటువంటి పిల్లవానిని అదే తరగతిలో మరొక సంవత్సరం ఉంచడం మేలా, తోటివారితోపాటు పై తరగతికి పంపడం మేలా అన్న ప్రశ్న విద్యావేత్తలను చాలాకాలంగా వేధిస్తున్నది.

నిలిపివేతను కోరేవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. ఒత్తులు, గుణింతాలు పట్టుబడని బాలునికి ఐదవ తరగతి వాచకంలో అక్షరాలు కనిపిస్తాయే గాని అర్థం కనిపించదు. తీసివేత రానివానికి భాగహారం బోధించడం పునాది లేని గోడ కట్టడమే. పరీక్ష భయం లేకపోతే పిల్లలు చదవరనీ, ఉపాధ్యాయులు పట్టించుకోరనీ వీరి ఆందోళన. ఈ రెండవ మాటలో ఎంత నిజముందో తల్లిదండ్రులకు బాగా తెలుసు.

2009లో పార్లమెంటు ఆమోదించిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగిసేవరకు ఎవరినీ అదే తరగతిలో నిలిపివేయరాదనీ, బడినుండి తొలగించరాదనీ దాని పదహారవ సెక్షను శాసించింది. తరగతి తప్పిన పేదపిల్లలు మళ్ళీ బడి ముఖం చూడరన్న భయమే దీనికి మూలం. అయితే అదే చట్టంలోని ఇరవై నాలుగవ సెక్షను ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైనవారికి అదనంగా బోధించడం ఉపాధ్యాయుని విధిగా పేర్కొన్నది. మొదటి మాట వెంటనే అమలయింది. దానికి ఖర్చు లేదు. రెండవ మాట చాలాచోట్ల కాగితాలపైనే ఉండిపోయింది.

ఫలితంగా చదవడం రాకుండానే పిల్లలు పై తరగతులకు చేరుతున్నారన్న విమర్శ బలపడి, 2019లో చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష జరపాలి. తప్పినవారికి అదనపు బోధన చేసి, ఫలితాలు వెలువడిన రెండు నెలలలోపు మరల పరీక్ష రాయించాలి. అప్పటికీ తప్పితే నిలిపివేయాలో వద్దో ఆయా ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వం నియమాలను సవరించగా కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాల వంటి వాటిలో నిలిపివేతకు వీలు కలిగింది. బడినుండి తొలగించరాదన్న నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు.

అమెరికాలోని షికాగో ప్రభుత్వ పాఠశాలలు 1990 దశకం ద్వితీయార్ధంలో ఇంచుమించు ఇదే మార్గం తొక్కాయి. మూడు, ఆరు, ఎనిమిది తరగతులలో పరీక్ష తప్పినవారికి వేసవిలో పాఠాలు చెప్పి మరల పరీక్షించేవారు; అప్పుడూ తప్పితే అదే తరగతి. ఆ విద్యార్థులపై బ్రయన్ జేకబ్, లార్స్ లెఫ్‌గ్రెన్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనం ఆలోచింపదగినది. ఆరవ తరగతిలో నిలిచిపోయినవారు ఆ కారణంగా చదువు మానినట్లు అంతగా కనిపించలేదు. ఎనిమిదవ తరగతిలో నిలిచిపోయినవారు మాత్రం బడి మానే అవకాశం పెరిగింది. వయసు పెరిగిన కొద్దీ ఆ దెబ్బ లోతుగా తగులుతుందన్నమాట. మన పల్లెలలో ఎనిమిదవ తరగతి తప్పిన బాలిక ఇంట ఎటువంటి మాటలు మొదలవుతాయో ఊహించడం కష్టం కాదు.

ఈ సందర్భంలో ముంబయి, వడోదర నగరాలలో 2000 దశకం తొలినాళ్ళలో 'ప్రథమ్' సంస్థ నడిపిన 'బాలసఖి' కార్యక్రమాన్ని చెప్పుకోవాలి. మూడు, నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను రోజుకు సుమారు రెండు గంటలు తరగతినుండి వేరుచేసి, ఆ ప్రాంతానికే చెందిన యువతి వారికి మొదటినుండి అక్షరాలు, అంకెలు నేర్పేది. ఎవరినీ కింది తరగతికి దించలేదు; పాఠాన్నే వారి స్థాయికి దించారు. పిల్లల ప్రగతి స్పష్టంగా కనిపించింది. దానిని పరిశీలించినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. వీరు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇంటర్మీడియట్ విద్యార్థి మొదటి సంవత్సరంలో ఒక్క సబ్జెక్టు తప్పితే ఆ ఒక్కదానినే మరల రాస్తాడు. రెండవ సంవత్సరానికి వెళ్ళడానికి ఆటంకం లేదు. చదవడంలో తడబడినా లెక్కలలో చురుకైన పదేళ్ళ పిల్లవాడు మాత్రం, నిలిపివేస్తే, వచ్చిన లెక్కలను సైతం మరొక ఏడాది వినాలి. పెద్దవానికి ఉన్న వెసులుబాటు పసివానికి లేకపోవడం విచిత్రమే.

ఇక చట్టం ఇచ్చిన రెండు నెలలు. తెలుగునాట వార్షిక ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో వెలువడతాయి. బడులు జూన్‌లో తెరుచుకుంటాయి. ఆ రెండు నెలలలో అధికభాగం వేసవి సెలవులే. ఉపాధ్యాయుడు స్వగ్రామంలో ఉంటాడు, పిల్లవాడు తల్లిదండ్రుల వెంట పనిచోట ఉంటాడు, బడికి తాళం ఉంటుంది.