ప్రమాదాన్ని పట్టికలో చూడటం ఎలా?

ఏ భాగానికి ఆ భాగం బాగానే ఉన్నా మొత్తం వ్యవస్థ దెబ్బతినవచ్చు. ఒక భాగం మరొక దానిమీద చూపే ప్రభావాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే దీనికి కారణం. ఆ ప్రభావాలను ముందుగా గుర్తించడానికి ఇంజనీర్లు పరస్పర ప్రభావ పట్టికను వాడతారు. 1981లో డొనాల్డ్ స్టీవార్డ్ ఇలాంటి పట్టికను ఒక పద్ధతిగా ప్రచురించారు.

పట్టిక వేసే విధానం:

1. భాగాల పేర్లను ఎడమవైపు నిలువుగా, అవే పేర్లను పైన అడ్డంగా రాయాలి.

2. ప్రతి గడి దగ్గర ఒకటే ప్రశ్న: ఎడమనున్న భాగం నుంచి పైనున్న భాగానికి ఏమి చేరుతుంది? బలమా, నీరా, కరెంటా, సమాచారమా? చేరేది ఉంటే గుర్తు పెట్టాలి.

3. అడ్డవరుసలో గుర్తులు ఎక్కువైతే ఆ భాగం చెడినప్పుడు చాలావాటికి ముప్పు. నిలువు వరుసలో ఎక్కువైతే అది చాలావాటిపై ఆధారపడి ఉంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె పొలాలకు నీరిచ్చే ప్రకాశం బ్యారేజీనే తీసుకుందాం. ఇది 1957లో పూర్తయింది. గేట్లు 70. పడవలు, కౌంటర్ వెయిట్, గేటు, మోటారు, వరద సమాచారం, కరకట్ట అని ఆరు భాగాలు రాస్తే 30 గళ్లు వస్తాయి. కౌంటర్ వెయిట్ గేటు బరువుకు సరితూగి, మోటారుపై భారం తగ్గిస్తుంది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. గేటును మాత్రమే తనిఖీ చేసే జాబితాలో పడవ పేరు ఉండదు. అందుకే బయటి వస్తువులనూ పట్టికలో చేర్చాలి.

మరో గడి గేటు నుంచి కరకట్టకు. గేట్లన్నీ ఎత్తితే బ్యారేజీకి భారం తగ్గుతుంది, కానీ ఆ నీటి ఒత్తిడి దిగువ కట్టమీద పడుతుంది. 2009 అక్టోబరు వరదలో భట్టిప్రోలు మండలం ఓలేరు వద్ద కట్టకు గండిపడి రేపల్లె ప్రాంతం మునిగింది. ఒకచోట తగ్గిన ముప్పు మరొకచోట తేలవచ్చు.

అభ్యాసం: మన హాస్టల్లో బోరు మోటారు, ట్యాంకు, గోడ, స్విచ్ బోర్డు, వంటగది రాయండి. ఐదు పేర్లు, 20 గళ్లు. ట్యాంకు పొంగితే గోడ తడుస్తుంది, గోడ తడిస్తే స్విచ్ బోర్డుకు నీరు చేరుతుంది. గుర్తు పడిన ప్రతి గడిలో దాన్ని చూసుకునేవారి పేరు కూడా రాయండి. పేరు దొరకని గడిని ముందుగా వార్డెన్ గారికి చూపించండి.