పొద్దు వాలాక కొట్టే మందు

మీ కొబ్బరి మట్ట కింద తెల్లటి దూది చుట్టలు చుట్టినట్టు పేరుకుందా? కింది మట్టలు మసి పూసినట్టు నల్లబడ్డాయా? అది సర్పిలాకార తెల్లదోమ పనే. 2016లో తమిళనాడు పొల్లాచ్చి తోటల్లో కనిపించిన ఈ పురుగు తర్వాత మన కోనసీమకూ చేరింది.

ఆ మసి ఆకును తినదు. దోమ వదిలే తీపి జిగురు మీద పెరిగే బూజు అది. కాని ఆకు కణాల్లోని పత్రహరితం ఎండ తగిలితేనే చెట్టుకు తిండి వండుతుంది. మసి అడ్డుపడితే తిండి తగ్గుతుంది. లీటరు నీటికి 10 గ్రాముల మైదా చొప్పున గంజి కాచి, చల్లార్చి కొడితే మసి పెచ్చులుగా రాలుతుంది.

ఇక దోమ సంగతి. పురుగుమందులు కొడితే, దోమ పిల్లల్లో గుడ్లుపెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు కూడా పోతుంది. అందుకే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇసారియా అనే శిలీంధ్రాన్ని రైతులకు అందించింది. ఇది ప్రాణమున్న మందు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆకుకు బువ్వ పెట్టే ఎండే ఈ శిలీంధ్ర బీజాన్ని చంపుతుంది. ఆకుకు పైపొర, మైనపు పూత రక్షణగా ఉంటాయి. కంటికి కనిపించని బీజానికి అంత రక్షణ లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కణం లోపలికి దూరి, అది మొలకెత్తడానికి కావలసిన డి.ఎన్.ఏ.ను చెడగొడతాయి. కొన్ని గంటలు నేరుగా ఎండ తగిలితే చాలావరకు చస్తాయి. పొద్దున పదింటికి కొట్టి, "మందు పనిచేయలేదండీ" అంటే ఎలా? డబ్బూ, కూలీ ఏట్లో పోసినట్టే.

పొద్దు వాలాక కొట్టండి. రాత్రి చీకటి, మంచు తేమ దొరికితే బీజం మొలకెత్తి దోమ చర్మంలోకి దిగుతుంది. మట్ట అడుగు భాగం తడిసేలా కొట్టాలి, దోమ ఉండేదీ అక్కడే, ఎండ తక్కువ పడేదీ అక్కడే. దిండి లాంటి గోదారి గట్టు ఊళ్లలో ఏటి గాలి జోరుగా ఉంటే కాస్త ఆగండి. మోతాదు ప్యాకెట్ మీద చూసుకోండి. శిలీంధ్రనాశకాలతో కలపొద్దు. మర్నాటికే దోమ రాలలేదని కంగారు పడొద్దు, దీనికి కొన్ని రోజులు పడుతుంది.

కొన్నాక ప్యాకెట్‌ను సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి ఎండలో తిప్పకండి, గట్టు మీద పెట్టకండి. గానోడెర్మా తెగులుకు వేసే ట్రైకోడెర్మాకూ ఇదే జాగ్రత్త: చెట్టుకు 50 గ్రాములు, 5 కిలోల వేపపిండిలో నీడపట్టునే కలిపి, పాదులో వేసి వెంటనే మట్టి కప్పేయండి.