కరీంనగర్‌లో కారే పూల్, సూరత్‌లో కేసు

ప్రశ్న: సూరత్ రింగ్ రోడ్‌లోని టెక్స్‌టైల్ మార్కెట్‌లో నాకు చీరల హోల్‌సేల్ దుకాణం ఉంది. కుటుంబంతో ఇక్కడే ఉంటున్నాను. కరీంనగర్ శివార్లలో కట్టుకున్న ఇంటి పెరట్లో స్విమ్మింగ్ పూల్ పనిని 14 లక్షలకు మాట్లాడుకుని 12 లక్షలు ఇచ్చాను. టైల్స్ వేసి, నీళ్లు నింపి అప్పగించారు. ఇప్పుడు రోజుకు రెండంగుళాల నీరు దిగిపోతోంది. ఎండకు ఆవిరవుతోందని, మిగతా 2 లక్షలు ఇస్తేనే వస్తానని కాంట్రాక్టరు అంటున్నాడు. పక్కింటి గోడ చెమ్మెక్కింది. సూరత్ నుంచే కేసు వేయవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: వేయవచ్చు. 1986 నాటి వినియోగదారుల చట్టం కింద అయితే కాంట్రాక్టరు ఉన్న చోటికో, పని జరిగిన చోటికో మీరే వెళ్లాల్సి వచ్చేది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఆ బాధ తప్పించింది. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా ఉద్యోగ వ్యాపారాలు చేసుకునే చోట కూడా ఫిర్యాదు వేయవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. లింబాయత్‌లో మగ్గాలు నడిపేవారి నుంచి రింగ్ రోడ్ వ్యాపారుల దాకా, సొంతూళ్లో ఇల్లు కట్టించుకునే సూరత్ తెలుగువారందరికీ పనికొచ్చే హక్కు ఇది. మన వాళ్లు దీన్ని వాడుకునేది మాత్రం తక్కువే అనిపిస్తుంది.

మీరు ఇచ్చిన మొత్తం 50 లక్షల లోపే కాబట్టి సూరత్ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. లెక్కలోకి వచ్చేది ఒప్పందపు మొత్తం కాదు, మీరు చెల్లించింది. 10 లక్షలు దాటి 20 లక్షల వరకు రుసుము 400 రూపాయలే. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో వేసే వీలుంది. తెలుగులో ఉన్న కాగితాలకు అనువాదం జతచేయండి.

పూల్ కట్టడం చట్టం దృష్టిలో ‘సేవ’ అవుతుందా అని కాంట్రాక్టరు తరఫువారు అడగవచ్చు. గృహనిర్మాణం సేవ నిర్వచనంలోనే ఉంది. హైదరాబాద్‌కు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు లేఅవుట్ అభివృద్ధి చేసి ప్లాట్లు ఇవ్వడాన్ని కూడా సేవగానే చూసింది. అలాంటప్పుడు పెరట్లో కట్టే పూల్ కాకుండా ఎలా పోతుంది?

అసలు చిక్కు రాగలిగేది మీ వైపు నుంచే. ఆ ఇంటిని వారాంతాల్లో పార్టీలకు అద్దెకిస్తుంటే ‘వాణిజ్య ప్రయోజనం’ అంటారు, వినియోగదారు హోదా పోవచ్చు. సొంత కుటుంబానికైతే మీరు వ్యాపారి అయినంత మాత్రాన అడ్డేమీ లేదు. నర్సులు ఉండటానికి ఫ్లాట్లు కొన్న ఒక ఆసుపత్రి ట్రస్టును సైతం సుప్రీంకోర్టు 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా ట్రస్టు కేసులో వినియోగదారుగానే గుర్తించింది. అయితే పూల్ ఖర్చును దుకాణం పద్దులో రాసి జీఎస్టీ క్రెడిట్ తీసుకుని ఉంటే ముందే మీ ఆడిటర్‌తో మాట్లాడండి. ఎదుటి వకీలు మొదట తిరగేసేది ఆ పద్దునే.

ఇక సాక్ష్యం సంగతి. ఆవిరి వాదనను తేల్చడానికి ఒక బకెట్ చాలు. దాన్ని పూల్ మెట్టు మీద, సగానికి పైగా నీటిలో మునిగేలా పెట్టి, లోపల కూడా బయటి మట్టానికే నీరు పోయండి. రెండు మట్టాలకూ గీతలు గీసి, తేదీ, సమయం కనబడేలా ఫొటో తీయండి. ఈతలు, నింపడాలు ఆపేసి 24 గంటల తర్వాత చూడండి. రెండింటిలోనూ సమానంగా తగ్గితే ఆవిరి, పూల్‌లోనే ఎక్కువ తగ్గితే లీకు. మండువేసవిలో కూడా ఆవిరయ్యేది రోజుకు సెంటీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌లో రెండంగుళాలంటే సుమారు 1,600 లీటర్లు. సూర్యుడి మీద అంత నింద వేయడం అన్యాయం.

ఇదే పరీక్ష ఒకరోజు పంపు నడిపి, ఒకరోజు ఆపి చేయండి. నడిపినప్పుడు ఎక్కువ దిగితే నీటిని తిరిగి పూల్‌లోకి పంపే పైపుల మీద అనుమానం. మట్టం స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే అమరిక) మూతి దగ్గర ఆగిపోతే లోపం అక్కడ. టైల్స్ అందం చూసి మురిసిపోతాం గానీ నీటిని ఆపేది టైల్ కాదు, వెనకున్న కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్. నీటిని నిల్వ చేసే కాంక్రీటు కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ఉంది. భూమిలో ఉండే ట్యాంకును నింపి ఏడు రోజులు వదిలి, మరో ఏడు రోజులు 24 గంటలకోసారి మట్టం రాసుకోవాలన్నది అందులోని పద్ధతి. టైల్స్ వేయకముందే ఆ పరీక్ష చేశారా, రిజిస్టరు ఏదీ అని నోటీసులో అడగండి.

ఆవేశపడి పూల్‌ను ఖాళీ చేయించకండి. చుట్టూ నేల నానిపోయి ఉంటే అడుగు నుంచి వచ్చే నీటి ఒత్తిడికి ఖాళీ పూల్ పైకి లేచి పగలవచ్చు. అప్పుడు తప్పు మీదే అంటారు. ఇంకొకరితో మరమ్మతు చేయించే ముందు స్వతంత్ర సివిల్ ఇంజనీరుతో రాతపూర్వక నివేదిక తీసుకోండి. పరిశీలనకు కమిషనర్‌ను నియమించమని కూడా కమిషన్‌ను కోరవచ్చు. వాట్సాప్ సందేశాలను తుడిచేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయండి. కాంట్రాక్టరు బిల్లు ఇవ్వకపోయి ఉంటే అది కూడా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, ఫిర్యాదులో అదీ రాయండి.

పక్కింటివారి విషయం తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని కాంట్రాక్టర్ల చేత కొత్త జలాశయం కట్టించుకున్నాడు. 1860లో అది నిండుతుండగా నీరు పొరుగున ఉన్న ఫ్లెచర్ బొగ్గు గనిలోకి పోయింది. కట్టింది కాంట్రాక్టర్లే అయినా నష్టం యజమానే భరించాలని 1868లో తీర్పు వచ్చింది. మన దగ్గర, చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి మద్రాసు రైల్వేకు నష్టం జరిగినప్పుడు మాత్రం 1874లో ప్రివీ కౌన్సిల్ జమీందారును వదిలేసింది. అవి తరతరాల నుంచి పంటలకు ఆధారమైన చెరువులు, వాటిని నిలబెట్టడం ఆయన బాధ్యత, నిర్లక్ష్యం రుజువు కాలేదు అన్నది కారణం. మీ పెరటి పూల్‌కు ఆ రక్షణ దొరకదు, అది మీ సరదా కోసం నింపుకున్న నీరు. వారు సివిల్ కోర్టుకు వెళితే మొదట జవాబు చెప్పాల్సింది మీరే. అందుకే గోడ మరమ్మతు ఖర్చును కూడా కాంట్రాక్టరు నుంచి మీరు కోరే పరిహారంలో చేర్చండి.

నీళ్ల గురించి ఒక మాట. సగటున 1.4 మీటర్ల లోతుంటే పైన చెప్పిన పూల్‌కు దాదాపు 45 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది కావాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని ఈత కొలనులకు వాడటాన్ని నిషేధించి 5 వేల రూపాయల జరిమానా పెట్టింది. మీ ఊళ్లో అలాంటి ఉత్తర్వు ఉన్నా లేకపోయినా, కారే పూల్‌ను రోజూ నింపుతూ పోవడం పొరుగువారి వాదనకు బలమిస్తుంది.

2 లక్షలు ఇప్పుడు ఇవ్వకండి. ఎగ్గొడుతున్నారన్న మాట రాకుండా, లీకు సరిచేసి, నీటి పరీక్ష మీ ఎదుట నెగ్గిన రోజున చెల్లిస్తానని స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, కొన్ని తగాదాలు అక్కడే తెగుతాయి. గడువు దాటితే కమిషన్‌కు వెళ్లండి. ఫిర్యాదుకు ఉన్న వ్యవధి రెండేళ్లు. ‘వచ్చే వారం వస్తా’ అనే మాటలతో ఆ వ్యవధి ఆగదు. లీకు మొదట చూసిన తేదీని ఇవాళే కాగితం మీద రాసి పెట్టుకోండి.